ఊ అన్నాకే దెబ్బ

పాత జైలు, కొండ కింద

అక్కా,

చేరాం. దారంతా గతుకులే, ఒళ్ళు హూనమైపోయింది. నీ మొగుడు మాత్రం జీపులో నా భుజం మీద తల పెట్టి హాయిగా గుర్రు పెట్టాడు. హీరోకి డూప్ వెయ్యడానికి వచ్చిన మనిషిలా లేడు, పెళ్ళికొచ్చిన పెదనాన్నలా ఉన్నాడు. నీకో ఉత్తరం ముక్క రాయమంటే, 'నువ్వు రాస్తున్నావుగా, నేనూ రాస్తే కాగితం దండగ' అంటున్నాడు.

ఇది నిజంగానే యుద్ధంలో వాడిన జైలట. గోడల నిండా గుళ్ళు దిగిన గుంతలు. కథ నీకు తెలిసిందే. మన గూఢచారి శత్రువులకి దొరుకుతాడు, వాళ్ళు చావబాదుతారు, అంతకుముందు అదే గదిలో ఉరితీసిన ఇంకో గూఢచారి ఆత్మ వచ్చి దారి చూపిస్తుంది. ఆత్మ వేషగాడికి జలుబు చేసింది. మొహానికి తెల్లరంగు పూసుకుని ఎండలో కూర్చుని తుమ్ముతున్నాడు, మా ఫైటర్లు వాడి చుట్టూ చేరి నవ్వుతున్నారు.

చావబాదుడు మొదటిరోజే మొదలైంది. బావని కుర్చీకి కట్టి తల బకెట్లో ముంచాం, లాఠీలతో వీపు వాయించాం. శత్రువుల ఆఫీసరు వేషం వేసేవాడికి తుపాకీ పట్టుకోవడం రాదు, అందుకని వెనకనుంచి తీసే షాట్లలో ఆ కోటు నేనే తొడుక్కుంటున్నాను.

ఒక్కటే చిరాకు. డైరెక్టర్ బయటిదేశంలో చదువుకొచ్చినవాడు. శబ్దాలు తర్వాత కలపడం ఆయనకి గిట్టదు, మైకు పెట్టి అక్కడికక్కడే పట్టాలంటాడు. మన 'ఊ' మైకులో పడుతోందని మానెయ్యమన్నాడు. దెబ్బ తినేవాడు సిద్ధమై 'ఊ' అంటేనే కొట్టేవాడి చెయ్యి కదలాలని నాన్న నేర్పిన పద్ధతి ఆయనకేం తెలుసు. ఇకమీద తను వేలు ఊపినప్పుడు కొట్టాలట. బావని అడిగితే, 'ఇన్నేళ్ళుగా నీ చెయ్యి చూస్తున్నాను, ఎప్పుడు లేస్తుందో నీకంటే నాకే ముందు తెలుసు' అన్నాడు. సరేనన్నాను.

ఇక్కడ పోస్టూ లేదు, ఫోనూ లేదు. ఫిల్ము డబ్బాలు తీసుకెళ్ళే జీపు పెట్టెలోనే ఉత్తరాలు కూడా. నీ మరదలికి ఏడో నెల కదా, వీలు చూసుకుని ఒకసారి వెళ్ళి చూసిరా.

నీ తమ్ముడు

*

ఎడిటింగ్ గది

ఒరేయ్ చిన్నోడా,

డబ్బాలు అందాయి. లాబ్ వాళ్ళు కడిగి ప్రింటు వేసి పంపారు. నిన్నంతా మెషీను మీద తిప్పి చూశాను. చూశాక అన్నం సయించలేదు.

మీ ఇద్దరి అబద్ధాలూ నాకు కొట్టినపిండి. లాఠీ జానెడు దూరం నుంచి పోతుంది, నేను తగలకముందే కత్తిరించి మొహం మీదకి వెళ్ళిపోతాను, జనం అబ్బా అంటారు. ఆ అబద్ధం అతికించడానికే నాకు జీతం. ఈసారి అతికించాల్సిన పనే లేదు. బకెట్లో మీ బావ ఉక్కిరిబిక్కిరి కావడం నటన కాదు, మెడ నరాలు చూస్తే తెలుస్తోంది. వీపు మీద నిజంగా తట్లు తేలాయి. ఆయన కంటే ముందు నా వీపు మంటెక్కింది.

'ఊ' తీసెయ్యమనడానికి ఆయనెవరు? నాన్న ఆ పద్ధతి ఊరికే పెట్టలేదు. ఒక ఫైటరుకి కన్ను పోయాక పెట్టాడు. టేపులో 'ఊ' వినబడితే నేను తీసేస్తాను, అది నా చేతిలో పని. ఆ మాట డైరెక్టర్‌తో చెప్పు. నీకు నోరు రాకపోతే ఈ ఉత్తరం చూపించు. మొహమాటానికి పోయి ప్రాణం మీదకి తెచ్చుకోకండి.

నా మరదల్ని చూసొచ్చాను. కాళ్ళు కాస్త వాచాయి, భయం లేదంది డాక్టరమ్మ. లోపల ఉన్నవాడు తెగ తంతున్నాడట, ఇంటి విద్య అప్పుడే పట్టినట్టున్నాడు.

మీ బావకి చెప్పు, నా కోసం రాసే కాగితం దండగ కాదని. రెండు ముక్కలు రాయమను.

అక్క

*

పాత జైలు

అక్కా,

పని ఎక్కువగా ఉంది, రెండు ముక్కల్లో ముగిస్తాను. బావకి మణికట్టు విరిగింది. కంగారుపడకు. పక్క ఊళ్ళో ఆసుపత్రి ఉంది, మంచి డాక్టరు, మంచి మంచం, కిటికీలోంచి గాలి బాగా వస్తుంది. కుడిచెయ్యి కాబట్టి రాయలేడు. ఎవరినీ రానివ్వడం లేదు, నువ్వు వచ్చినా చూడనివ్వరు, కాబట్టి బయల్దేరకు.

ఇంకోటి. జైలు వాకిట్లో తీసిన సీను డబ్బాలోకి వెలుతురు దూరి ఫిల్ము పాడైంది. అది పొరపాటున నీకు చేరినా మెషీను మీద పెట్టకు, దండగ. మళ్ళీ తీస్తున్నాం.

నీ మరదలికి నేను బాగున్నానని చెప్పు.

తమ్ముడు

*

ఎడిటింగ్ గది

ఏరా,

నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. కిటికీలోంచి గాలి వస్తుందట. ఎవరడిగారు నిన్ను కిటికీ గురించి?

మణికట్టు విరిగి ఆసుపత్రిలో పడుకున్న మనిషి నా మెషీనులో ఎలా ఉన్నాడు? నిన్న వచ్చిన డబ్బాల్లో నువ్వు ఉత్తరం రాసిన తర్వాత తీసిన సీన్లున్నాయి. క్లాప్ పలక మీద తారీఖు ఉంది. ఖైదీలని వరసగా నిలబెట్టి కొట్టే సీను, గదిలో వేళ్ళు విరిచే సీను, మెట్ల మీదనుంచి తోసే సీను. మూడింట్లోనూ మీ బావ ఉన్నాడు. దెబ్బ తినేవాడి వెనక, గోడని ఆనుకుని, ఆ బూడిదరంగు ఖైదీ చొక్కాలో. భుజం దగ్గర చిరిగింది. రెండు చేతులూ శుభ్రంగా ఉన్నాయి. కట్టూ లేదు, గిట్టూ లేదు. చిక్కిపోయాడు.

పైగా ఆ సీన్లలో ఆయనకి పని లేదు. డూప్ ఒకచోట ఉంటే హీరో ఇంకోచోట ఉంటాడు, జనం కనిపెట్టరా? అన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఫ్రేములో నిలబడకూడదని నేను చెప్పాలా?

కానీ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ప్రతి దెబ్బకీ ముందు ఆయన పెదవులు కదులుతున్నాయి. టేపు కలిపి విన్నాను. 'ఊ' అని సన్నగా వినిపిస్తోంది, ఆ తర్వాతే దెబ్బ పడుతోంది. ప్రాణం లేచొచ్చింది నాకు. నా మాట విని పద్ధతి మళ్ళీ పెట్టారన్నమాట. దెబ్బ తినేవాడికి బదులు వెనకనుంచి ఆయన అనడం ఏమిటో అర్థం కాలేదుగానీ, ఎవరైతేనేం.

ఇంతకీ ఎందుకు దాస్తున్నారు? ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తుంటే ఇకనైనా ఆపండి. నాకు నవ్వు రావడం లేదు.

అక్క

*

పాత జైలు

అక్కా,

నీ ఉత్తరం జీపు దగ్గరే నిలబడి రెండుసార్లు చదివాను. ఏ షాట్లు? గోడకి ఏ వైపు? ఆ మూడు సీన్లూ నేనే తీయించాను, గోడ దగ్గర ఎవరూ లేరు. పద్ధతి మేం మళ్ళీ పెట్టలేదు. డైరెక్టర్ ఒప్పుకోలేదు.

కానీ మా వాళ్ళకి 'ఊ' వినిపిస్తోంది. మొన్న పొడుగోడు తుపాకీకి బిగించిన కత్తితో ఖైదీ డొక్క పక్కనుంచి పొడవాలి. డైరెక్టర్ వేలు ఊపాడు. పొడుగోడి చెయ్యి లేచి గాల్లోనే ఆగిపోయింది. అదే క్షణాన ఖైదీ కాలు జారి ముందుకి తూలాడు. పొడిచుంటే పేగులు బయటికి వచ్చేవి. ఎందుకాపావురా అని అడిగితే, "'ఊ' రాలేదు మాస్టారూ" అన్నాడు. ఎవరి 'ఊ' అని అడిగాను. ఫైటర్లందరూ నా మొహం చూడకుండా కాళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు.

ఇక దాచలేను. బావ లేడు అక్కా. పోయాడు. జైలు వాకిట్లో సీను రోజునే పోయాడు. గోడ మీదనుంచి జారి పడ్డాడు, తలకి తగిలింది, నీళ్ళు పట్టేలోపే ప్రాణం పోయింది. ఆసుపత్రీ లేదు, ఏమీ లేదు. పోలీసులు వస్తే జైలు ఖాళీ చేయిస్తారు, సినిమా ఆగిపోతుంది అన్నాడు ప్రొడ్యూసర్. షూటింగు అయ్యాక ఇంటివాళ్ళకి చెబుదాం అన్నాడు. కొండ కింద గొయ్యి తవ్వి పెట్టాం. నేనూ తవ్వాను.

నీకు ఎలా చెప్పాలో తెలియక మణికట్టు అన్నాను. నన్ను తిట్టు. ఏమైనా అను. కానీ నువ్వు చూసింది నిజంగా బావేనా, ఇంకోసారి చూసి చెప్పు.

తమ్ముడు

*

ఇల్లు

చిన్నోడా,

ఇన్నాళ్ళూ ఎక్కడ ఆగిందో గానీ, నీ ఉత్తరం వచ్చిన పెట్టెలోనే వాకిట్లో సీను డబ్బా కూడా వచ్చింది. ఏ డబ్బా అయినా సరే లాబ్‌కి పోవాల్సిందే, కడిగాక నా దగ్గరికి రావాల్సిందే. డ్రైవరుకి నేర్పిన పని అంతే, వాడు నీ అబద్ధం కోసం దాన్ని ఆపుతాడా? పాడైన ఫిల్మైనా నేను చూడకుండా పారెయ్యనని నీకు తెలియదా? మూత మీద డైరెక్టర్ చీటీ అంటించాడు. 'ఈ షాటు ఒక్క ఫ్రేము కూడా తగ్గించొద్దు. ఇలా ఎవరూ నటించలేరు.'

చూశాను. నీకూ చెబుతాను, విను.

ఆ సీనులో గోడ ఎక్కడం లేదు. మీ బావ వాకిట్లో మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఆఫీసరు కోటులో నీ వీపు కనిపిస్తోంది. నీ నడక నాకు తెలియదా, అడుగులు వేస్తున్నప్పటినుంచి చూస్తున్నాను. మొదటి దెబ్బ చెవి పక్కనుంచి పోయింది, చక్కగా ఉంది. రెండోదానికి ముందు ఆయన నోట్లో రక్తం ఉమ్మడానికి తల తిప్పాడు. అది రంగు కాదు, పెదవి చిట్లింది. ఆగమనడానికి నోరు తెరిచాడు. మైకు గుర్తొచ్చినట్టుంది, మూసుకున్నాడు. అప్పుడే నీ చెయ్యి దిగింది. తుపాకీ మడమ కణత మీద పడింది.

పుర్రె పగిలే చప్పుడు కోసం మేం గుమ్మడికాయలు పగలగొడతాం. అసలు చప్పుడు అలా ఉండదు. చాలా చిన్నది. నాలుగుసార్లు విన్నా అదేనని నమ్మలేకపోయాను. పడటం తెలిసిన మనిషికి ముందు భుజం ఆనుతుంది. ఆయన మొహం మీద పడ్డాడు. మట్టి పళ్ళకి అంటుకుంది. కాళ్ళు కొట్టుకున్నాయి, ఆగాయి. చెవిలోంచి కారింది.

నువ్వు తుపాకీ పారేసి ఆయన్ని వెల్లకిలా తిప్పావు. 'బావా, లే బావా, లే' అన్నావు. అంతా టేపులో ఉంది. ఎవరూ ఆపమనలేదు. పక్కనుంచి డైరెక్టర్ చెయ్యి ఒకటి లోపలికి వచ్చి, తిప్పుతూనే ఉండమని కెమెరాకి సైగ చేసింది. ఫిల్ము అయిపోయేదాకా తిరిగింది.

నువ్వు కావాలని కొట్టలేదని నాకు తెలుసు. ఆ మాట రాస్తున్నది నీ మీద జాలితో కాదు, అది నిజం కాబట్టి. కానీ పైనుంచి పడ్డాడని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయిరా? ఆయన్ని గోతిలో పెట్టి వచ్చి కూర్చుని, మంచి మంచం అని ఎలా రాశావు? నేను ఇక్కడ ఆయన పెదవులు కదిలితే మురిసిపోతూ కూర్చున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

అవును, ఆ మూడు సీన్లలో ఉన్నది ఆయనే. మళ్ళీ చూశాను. ఆయనే.

ఈ షాటుని ఏం చెయ్యమంటావో చెప్పు.

అక్క

*

పాత జైలు

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళాను. చీటీ నువ్వే రాశావా అని అడిగాను. 'ఆ మనిషి ప్రాణం వృథా పోకూడదు కదా' అన్నాడు. కొట్టాను. నా చేతులతో అంత కసిగా ఎవరినీ ఎప్పుడూ కొట్టలేదు. ముందు పళ్ళు రాలాయి, ముక్కు పక్కకి పోయింది. మంచం కిందకి పాకుతుంటే కాలు పట్టి లాగి మళ్ళీ కొట్టాను. వెనక 'ఊ' వినబడుతుందేమోనని చూశాను. వినబడలేదు. పొడుగోడూ మిగతావాళ్ళూ వచ్చి నన్ను లాగేశారు, లేకపోతే ఇంకో గొయ్యి తవ్వాల్సి వచ్చేది.

ప్రొడ్యూసర్ కేసు పెట్టలేదు. నన్ను కూర్చోబెట్టి మంచిగా మాట్లాడాడు. బావ కనబడుతున్న షాట్ల సంగతి నేనే నోరు జారాను. ఆయన కళ్ళు మెరిశాయి. 'ఇంకేం, పలక మీద తారీఖు ఉంది కదా. చనిపోయాడంటున్న రోజు తర్వాత కూడా అతను సెట్లో తిరుగుతున్నాడు. ఎవరడిగినా అవే చూపిద్దాం. ఆ తర్వాత ఎటో వెళ్ళిపోయాడందాం. వాకిట్లో షాటు ఒక్కటీ లేకుండా చేస్తే మీ ఎవరికీ ఏమీ కాదు' అన్నాడు.

అక్కా, సిగ్గు విడిచి రాస్తున్నాను. అదే చెయ్యి. వాకిట్లో షాటు తగలబెట్టు, మిగతావి దాచు. జైలుకి వెళితే నీ మరదలు ఏమైపోతుంది? పుట్టేవాడికి నాన్న హంతకుడని చెబుతారా? నేను అడగకూడదని తెలుసు. పొద్దున్నుంచి అడగకూడదనే అనుకుంటూ కూర్చున్నాను, చివరికి అడుగుతున్నాను.

బావ ఎందుకొచ్చాడంటావు? నామీద కోపం ఉంటే నన్ను చంపేవాడు. నన్ను కాపాడటానికే ఆ షాట్లలోకి వచ్చాడేమో. ఆయన మనసు నీకు తెలియనిదా. బతికున్నప్పుడు నన్ను పల్లెత్తు మాట అనలేదు.

నీ కాళ్ళు పట్టుకుంటున్నాను అనుకో.

తమ్ముడు

*

పోలీస్ స్టేషన్ వరండా

చిన్నోడా,

నీ ఉత్తరం చదివాక మొన్నంతా ఆలోచించాను. నీకోసం కాదు, నా మరదలి కోసం, పుట్టేవాడి కోసం. నువ్వు చెప్పినట్టు చెయ్యడం నాకు చాలా తేలిక. కత్తెర నా చేతిలోనే ఉంది, నెగటివ్ తెప్పించుకోవడానికి నన్ను ఎవరూ కారణం అడగరు. పెన్సిలుతో పెట్టిన రెండు గీతల మధ్య ఆ షాటు కత్తిరిస్తే నువ్వు బయటపడతావు. నా తమ్ముడు నాకు మిగులుతాడు.

కానీ ఆయన వచ్చింది నిన్ను కాపాడటానికి కాదురా. ఇంకొకడి పేగులు బయటపడకుండా ఆపడానికి వచ్చాడు. మీరెవరూ చెయ్యని పని చచ్చి కూడా చేస్తున్నాడు. ఆ మనిషిని తెచ్చి మీరు దొంగ సాక్ష్యం చెప్పిస్తారా? కొండ కింద మట్టిలో ఉన్నవాడు ఎటో వెళ్ళిపోయాడని, పెళ్ళాన్ని వదిలి పారిపోయాడని, నేను నా నోటితో చెప్పాలా?

నెగటివ్ తెప్పించాను. ప్రింటులోంచీ నెగటివ్‌లోంచీ ఆయన ఉన్న ప్రతి షాటూ తీశాను. వాకిట్లో షాటు కాదు, గోడని ఆనుకుని నిలబడ్డవి. అవి ఉన్నంతకాలం ఆయన చనిపోయాడంటే ఎవరూ నమ్మరు, మీ ప్రొడ్యూసర్ నమ్మనివ్వడు. కత్తిరించేముందు అన్నీ ఒకసారి నెమ్మదిగా తిప్పి చూశాను. ఒక్క షాటులోనైనా నావైపు చూస్తాడేమోనని ఆశ. చూడలేదు. ఆయన కళ్ళు దెబ్బ తినబోయేవాడి మీదే ఉన్నాయి. ఆయన పనిలో ఉన్నాడు.

పెరట్లో డబ్బాలో వేసి కిరసనాయిలు పోసి అంటించాను. ఫిల్ము ముడుచుకుపోతూ నల్లగా కారింది, వాసనకి పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. ఒక్క ముక్కైనా ఉంచుకోవాలని చెయ్యి రెండుసార్లు ముందుకి పోయింది. ఉంచుకోలేదు. ఇప్పుడు నా దగ్గర ఉన్న ఆయన చివరి బొమ్మ మొహం మీద పడుతున్నదే.

దాన్ని స్టేషనుకి తెచ్చాను. ప్రొజెక్టరూ టేపు మెషీనూ ఆఫీసు నుంచి నేనే మోయించుకొచ్చి స్టేషన్ గోడ మీద వేశాను. ఇన్‌స్పెక్టర్ మొదట, 'బాగా తీశారమ్మా, ఏ సినిమా?' అన్నాడు. దెబ్బ పడ్డప్పుడు కానిస్టేబుల్ ఒకడు అబ్బా అన్నాడు. ఆ తర్వాత నీ గొంతు వచ్చింది, బావా, లే బావా అని. శత్రువుల ఆఫీసరు ఖైదీని బావా అని ఎందుకంటాడని ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన లేచి టోపీ తీసి పక్కన పెట్టాడు. మైకు పెట్టించిన డైరెక్టర్‌కి ఆ మాట చెప్పాలని నాకు చాలా కోరికగా ఉంది.

ముగ్గురి పేర్లూ రాయించాను. డైరెక్టర్, ప్రొడ్యూసర్, నువ్వు. కావాలని చెయ్యలేదని నీ పేరు పక్కన రాయమన్నాను, రాసుకున్నారు. గొయ్యి ఎక్కడుందో నువ్వే చూపించు, నీ నోటితో నువ్వే చెప్పు, అది నీకు మేలు చేస్తుందన్నాడు ఇన్‌స్పెక్టర్. నా మరదలికి పొద్దున్నే వెళ్ళి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది, నన్ను బయటికి పొమ్మంది, మళ్ళీ తనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కాన్పుకి మా ఇంటికి తెచ్చుకుంటాను. కేసు జరిగినన్నాళ్ళూ కోర్టుకి నేనే వస్తాను, క్యారేజీ నేనే తెస్తాను. అక్కనవడం నేను మానుకోలేను, ప్రయత్నించి చూశాను.

ఈ ఉత్తరం ఫిల్ము పెట్టెలో రాదు. పోలీసు జీపులో వాళ్ళ వెనక సీటులో కూర్చుని నేనే తెస్తున్నాను. నా చేతిలోంచి తీసుకుని ముందు ఇది చదువు. నిన్ను చూడగానే నాకు మాట రాదు, అందుకే రాస్తున్నాను. చదివాక పారిపోకు, కాళ్ళ మీద పడకు. నిన్ను కొడతానో, పట్టుకుని ఏడుస్తానో నాకు తెలియదు. ఏది చేసినా కదలకుండా నిలబడు.

అక్క